హాజరుకి పెట్టిన సంతకం

ఉత్తరాంధ్ర తీరంలో ఒక రిసార్టు గురించి "స్థానికులతో సంప్రదింపులు" అంటే వెళ్లాను. ఊరి పేరూ కంపెనీ పేరూ రాయను. ఈ కథ ఏ ఒక్క ఊరిదీ కాదు కనక.

సమావేశం పెట్టింది ఒడ్డున కాదు, పట్నంలో, ఏసీ కల్యాణమండపంలో. అదీ పొద్దున్న పదిన్నరకి. ఆ వేళకి వేట నుంచి వచ్చిన మగవాళ్లు వలలు దులుపుకుంటుంటారు. ఆడవాళ్లు గంపలెత్తుకుని చేపలమ్ముకోడానికి పోయుంటారు. ముందు వరస కుర్చీల్లో భూములు అమ్మినవాళ్లు, అమ్మించినవాళ్లు, హోటళ్లవాళ్లు. వీళ్లూ స్థానికులే, కాదనను. సముద్రం మీద బతకని స్థానికులు.

గుమ్మం దగ్గరే ఒక కుర్రాడు కాగితం చాపాడు. "హాజరు కోసం సార్" అన్నాడు. సంతకం పెట్టాను. తర్వాత ప్రశ్నల కాగితం ఇచ్చారు. మీ ప్రాంతం అభివృద్ధి చెందాలని కోరుకుంటున్నారా? మీ పిల్లలకి ఉద్యోగాలు కావాలా? ఆరు ప్రశ్నలూ ఇదే వరస. కాదని రాసేవాడికి మతి లేదనుకోవాలి. అసలు రిసార్టు కావాలా వద్దా అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

తెర మీద రంగురంగుల బొమ్మ పడింది. వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. "బాబూ, ఈ బొమ్మలో మా సేపలారబెట్టే జాగా ఏదయ్యా?" అని అడిగింది. ఆ చోట పచ్చిక, గొడుగులు, వాలుకుర్చీలు ఉన్నాయి. వేదిక మీదాయన నవ్వి, "మీ సూచన నోట్ చేసుకున్నామమ్మా" అన్నాడు. ఆమె చేసింది సూచన కాదు. అడిగింది ప్రశ్న.

పక్షపాతం అంటే అబద్ధాలు చెప్పడమే అనుకుంటాం. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. రికార్డుల్లో ఆ ఇసుక ప్రభుత్వ పోరంబోకు, ఖాళీ స్థలం. పడవ లాగే చోటు, వల బాగుచేసే చోటు, చేప ఎండే చోటు ఏ పట్టాకీ ఎక్కవు. పట్టా లేనివాడిది నష్టం కాదు, "అభిప్రాయం". సోంపేట బీలకీ ఇదే జరిగింది. ఎన్నో కుటుంబాలకి పంటా చేపా ఇచ్చిన చిత్తడి నేలని కాగితాల మీద పనికిరాని భూమి చేశారు. 2010 జులైలో తుపాకులు పేలి ప్రాణాలు పోయాక గానీ అక్కడ కట్టాలనుకున్న విద్యుత్ కేంద్రం అనుమతి రద్దు కాలేదు.

చట్టం ఉందిగా అంటారు. ఏ చట్టం? 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ భవన నిర్మాణాలని ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయించింది. హోటలు భవనమే మరి! అంటే మేం కూర్చున్న ఆ సభ మా హక్కు కాదు, కంపెనీ మర్యాద. సభల్లో పంచే బిర్యానీ పొట్లం లాంటిదే. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇంకో అడుగు ముందుకేసింది. చదరపు కిలోమీటరుకి 2,161 మంది కన్నా ఎక్కువున్న గ్రామీణ తీరంలో, నిర్మాణాలు కూడని హద్దుని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి దించింది. మత్స్యకారుల గుడిసెలు ఇరుకైపోయాయని, ఆ ఇరుకునే సాకు చేసి సముద్రం పక్క జాగాకి తలుపులు తీశారు. దీనికి ఒక షరతుంది. తీర ప్రణాళిక "సరైన సంప్రదింపులతో" తయారై ఉండాలట. ఎలాంటి సంప్రదింపులో పైన చెప్పాను.

భాష సంగతి సరేసరి. 2020లో కొత్త పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా మీద దేశమంతా అభిప్రాయం చెప్పాలన్నారు. ఇచ్చింది ఇంగ్లీషులో, హిందీలో. ప్రజా విచారణ నోటీసు గడువుని 30 రోజుల నుంచి 20కి కోసే ప్రతిపాదన అందులోనే ఉంది. 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది. మనం తెలుగులో చదవకుండా ఉండటానికి ఎంత శ్రమ!

మన పొరుగునే ఒడిశాలో, నియమగిరి కొండల్లో, సుప్రీంకోర్టు ఆదేశం మీద 2013లో 12 గ్రామసభలు పెట్టి గని కావాలా అని అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. ఆ కొండవాళ్లకి అటవీ హక్కుల చట్టం ఉంది. కడలివాళ్లకి అలాంటిదేదీ లేదు.

పల్లెల్లో అందరూ రిసార్టు వద్దంటారని నేను చెప్పడం లేదు. కావాలనే కుర్రాళ్లని చూశాను. వాళ్ల మాట కూడా నిజంగా అడిగితేనే కదా తెలిసేది. ఇంకో మాట, నాలాంటి పట్నంవాళ్ల గురించి. మనకీ సముద్రం కావాలి, ఎండుచేపల వాసన వద్దు. ఆ ముందు వరస కుర్చీల్లో సగం మనవే.

అడగదలుచుకుంటే అడగడానికి రోజులున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. గుజరాత్‌లోని వేరావల్‌కి వలసపోయిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఆ రోజులు ముగిసేలోపు ఇళ్లకి చేరతారు. ఇసుక మీదే షామియానా వేయండి. ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టండి. పడవల రేవు, ఎండబెట్టే జాగా గుర్తుపెట్టిన పటం తెలుగులో ఇవ్వండి. కావాలా, వద్దా అన్నది మొదటి ప్రశ్న చెయ్యండి. వద్దంటే ఆపుతామని ముందే రాసివ్వండి. ఈ చివరిది రాసివ్వలేకపోతే షామియానా ఖర్చు కూడా దండగే.

నెల తర్వాత కంపెనీ నివేదిక చూశాను. "హాజరైనవారు సానుకూలంగా స్పందించారు" అని ఉంది. కింద జత చేసిన సంతకాల్లో నాదీ ఉంది. ముసలామె ప్రశ్న లేదు.

మిమ్మల్నీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి సభకి పిలుస్తారు. తప్పకుండా వెళ్లండి. గుమ్మం దగ్గర కాగితం చాపితే, సంతకం పెట్టే ముందు పైన ఏం రాసుందో చదవండి. ఖాళీగా ఉంటే పెట్టకండి.