ఇంటిపట్టున ఇరుసు బేరింగు

అత్తిబెలె ప్రాంతంలో మన తెలుగువారి ఇళ్ళ ముందు ఒకప్పుడు ఎద్దుబండి ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు పికప్పు బండి ఉంటున్నది. హోసూరు గులాబీలైనా, ఆనేకల్లు వైపు కూరగాయలైనా తెల్లవారేలోగా బెంగళూరు మార్కెట్టుకు చేరేది ఈ బండ్ల మీదనే. గనుక ఈ మాసం బండి వెనుక ఇరుసు సంగతి వ్రాస్తున్నాము. ఇంటి ఆడవారు పేజీ తిప్పివేయనక్కరలేదు. బండి శబ్దంలో తేడా వచ్చిందని మొట్టమొదట పసిగట్టేది చాలా ఇళ్ళలో వారే.

మా పెద్దన్నగారి అబ్బాయి బండి వెనుక ఎడమవైపున గూయిమని మూలగడం మొదలైంది. టైరు శబ్దమేనని వాడి వాదం. టైరు శబ్దమైతే తారురోడ్డు మీద ఒక విధంగా, సిమెంటు రోడ్డు మీద మరొక విధంగా ఉంటుంది. బేరింగు మూలుగు రోడ్డును బట్టి మారదు. వేగంతో హెచ్చుతుంది, వేగంతో తగ్గుతుంది, బరువు వేస్తే ఇంకా బిగ్గరగా వినిపిస్తుంది. పది మైళ్ళు పోయివచ్చి చూస్తే ఎడమ డ్రమ్ము కుడిదానికంటె బాగా కాగి ఉన్నది. చక్రం లోపలి ప్రక్కన జిడ్డు కూడా కనిపించింది.

"పండుగ బేరం పోతుంది చిన్నాన్నా, ఇంకొక వారం లాగిద్దాం" అన్నాడు.

అలా లాగించరాదు. ఎందుకో చెబుతాము. పెద్ద లారీలలో బరువంతా ఇరుసు గొట్టమూ దానిమీది హబ్బూ మోస్తాయి. లోపలి షాఫ్టు చక్రాన్ని త్రిప్పడానికే. అందుకే చక్రం ఉండగానే షాఫ్టు ఊడదీయవచ్చు. చాలా పికప్పులలో అట్లా కాదు. షాఫ్టే త్రిప్పాలి, షాఫ్టే మోయాలి. దాన్ని పట్టి ఉంచేది ఒక్క బేరింగు, దాని వెనుక బిగించిన ఒక ఉక్కు కాలరు. బేరింగు పగిలినా, కాలరు జారినా షాఫ్టుతో సహా చక్రం బయటికి వచ్చేస్తుంది. ఎద్దుబండికి కడచీల ఎంతో దీనికి ఆ కాలరు అంత. ఎద్దుబండి చక్రం ఊడితే బండి ప్రక్కకు ఒరుగుతుంది. హోసూరు రోడ్డు మీద అర్ధరాత్రి, ముందూ వెనుకా లారీల మధ్య, నిండు బండి చక్రం ఊడితే ఏమవుతుందో వ్రాయనక్కరలేదు.

బేరింగు అనే మాట కొత్తదైనా అవసరం పాతదే. వరిగడ్డి మసి ఆముదంలో కలిపి ఇరుసుకు కందెన పూసిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ రాపిడి తప్పించడానికే 1794లో వేల్సు దేశస్థుడు ఫిలిప్ వాన్ బండి ఇరుసులో ఇనుపగుండ్లు అమర్చి పేటెంటు తీసికొన్నాడు. 1898లో శంకువు ఆకారపు రోలర్లకు పేటెంటు పొందిన హెన్రీ టిమ్‌కెన్ కూడా అమెరికాలో గుర్రపుబండ్లు చేసేవాడే. మోటారు పరిశ్రమ పెరగక ముందే, బండి కోసమే ఇవి పుట్టాయన్నమాట. స్వీడనులో 1907లో స్థాపించిన ఎస్.కె.ఎఫ్. వారి కర్మాగారం నేడు మనకు దగ్గరలోనే, బొమ్మసంద్రలో ఉన్నది.

ఇక పని. మేము ఆఫీసులో లెడ్జరు పట్టేవాళ్ళమే గాని స్పానరు పట్టేవాళ్ళం కాము; అయినా ఆదివారమంతా మేస్త్రీ ప్రక్కన కూర్చుని చూచాము. మొదట అతడు చేయించింది ముందు చక్రాలకు రాళ్ళు పెట్టించడం. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నది గదా అని అబ్బాయి అన్నాడు. ఈ బండ్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే. ఆ డ్రమ్మే ఊడదీస్తున్నప్పుడు దాన్ని నమ్మేదేమిటి? గేరులో పెట్టి వదలినా లాభం లేదు. వెనుక ఒక చక్రం గాలిలో ఉంటే డిఫరెన్షియలు దాన్ని ఊరకనే తిరగనిస్తుంది. తరువాత ఇరుసు గొట్టం క్రింద గట్టి ఇనుప స్టాండు పెట్టాలి. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. ఇటుకలు అసలే పనికిరావు, బరువుకు పగులుతాయి.

చక్రం, డ్రమ్ము తీస్తే లోపల నాలుగు బోల్టులు. అవి విప్పాక షాఫ్టు లాగాలి. లాగే పనిముట్టు లేకపోతే, డ్రమ్మునే తిరగవేసి తగిలించి, నట్లు కొసల దాకా వదులుగా పెట్టి, డ్రమ్మును రెండు చేతులా బయటికి ఎదురు కుదుపులు కుదపడం ఒక పద్ధతి. నాలుగైదు కుదుపులకు వచ్చింది. కొన్ని బండ్లలో మాత్రం షాఫ్టును లోపలి కొసన ఒక క్లిప్పు పట్టి ఉంటుంది. వాటికి డిఫరెన్షియలు మూత విప్పాలి, లాగితే రాదు. మీ బండి ఏ రకమో పుస్తకం చూచుకొని మొదలుపెట్టండి.

ఇంతవరకు ఇంటి పనే. ఇక్కడ మాత్రం ఆగాలి.

"కట్టె మీద పెట్టి సుత్తితో కొడితే పోదా అన్నా?" అని అబ్బాయి అడిగాడు.

"పోతుందప్పా, నీ బేరింగే పోతుంది" అన్నాడు మేస్త్రీ.

పాత కాలరును ఉలితో చీల్చి తీయాలి, షాఫ్టుకు గాటు పడకుండా. గాటు పడితే కొత్త సీలు కూడా నూనె కారుతుంది. కొత్త బేరింగును ప్రెస్సు ఉన్న చోటనే ఎక్కించాలి. బలమంతా లోపలి వలయం మీదనే పడాలి. బయటి వలయం మీద నొక్కితే ఆ బలం రోలర్ల గుండా పోయి, కొత్తదానిలో అప్పుడే గుంటలు పడతాయి. కంటికి కనిపించవు గాని నెల తిరిగేసరికి మళ్ళీ మూలుగు. బేరింగు ముందు, కాలరు తరువాత, విడివిడిగా నొక్కాలి. కాలరు కొత్తదే వేయాలి. అన్నిటికంటె ముందు, బోల్టులు పట్టే పలకను షాఫ్టుకు ఎక్కించారో లేదో చూచుకోవాలి. అది మరచి బేరింగు ఎక్కిస్తే మళ్ళీ చీల్చడమే, కొత్త బేరింగు గంగపాలు. మన అత్తిబెలె, హోసూరు చుట్టుప్రక్కల ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులకు కొదువ లేదు. అక్కడ ఇచ్చే కూలికి వెనుకాడి సుత్తి పట్టేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది.

బేరింగు కొనేటప్పుడు బిల్లు అడగండి. పేరున్న కంపెనీల డబ్బాలలో నకిలీ సరుకు అమ్మేవారు ఉన్నారని ఆ కంపెనీలే హెచ్చరిస్తున్నాయి.

నూనె తడిసిన బ్రేకు లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసే అలవాటు కొందరికి ఉన్నది. పీల్చుకొన్న నూనె వేడికి మళ్ళీ పైకి వస్తుంది. బ్రేకు వేస్తే బండి ఒక ప్రక్కకు లాగుతుంది. రెండు ప్రక్కలా మార్చవలసిందే. కారిపోయిన గేరు నూనెను నింపు రంధ్రం అంచు దాకా పోయాలి.

అన్నీ సరిగా చేసినా కొన్నాళ్ళకు మళ్ళీ నూనె కారితే బేరింగును తిట్టకండి. ఇరుసు గొట్టం మీద గాలి పోవడానికి చిన్న బుడిపె ఒకటి ఉంటుంది. అది బురదతో మూసికొంటే లోపలి వేడిగాలికి దారిలేక సీలు ప్రక్కనుంచి నూనెను తోస్తుంది. తీసి కిరోసినులో కడిగితే సరి, దమ్మిడీ ఖర్చు లేదు. మా వాడి బండికి అది నల్లరేగడితో నిండి ఉన్నది.