దత్తత వేరు, దస్తావేజు వేరు

నా మిత్రుడొకడు వృత్తిరీత్యా న్యాయవాది. రాక్ సంగీతమంటే అతడికి నాకంటే ఎక్కువ ప్రీతి. అయినా సంగీతాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు సైతం నల్లకోటు విప్పడు. పింక్ ఫ్లాయిడ్ బృందం తమ రికార్డింగుల హక్కులతో పాటు తమ పేరునూ రూపాన్నీ వాడుకునే హక్కును కూడా సోనీ సంస్థకు అమ్మిందనీ, బేరం సుమారు 40 కోట్ల డాలర్లకు తెగిందనీ 2024 అక్టోబరులో పత్రికలు రాశాయి కదా, ఆ ప్రస్తావన వచ్చింది మా మధ్య. "ఇంకేముంది, ఇకమీదట పింక్ ఫ్లాయిడ్ అంటే సోనీయే. బ్యాండు అంటే పేరు. పేరు అంటే ఆస్తి. మనుషులంటావా, అద్దెకున్నవాళ్ళు. వస్తారు, పోతారు" అన్నాడు.

ఆ "అద్దెకున్నవాళ్ళు" అన్న మాట ముల్లులా గుచ్చుకొంది. దాన్ని తీసుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

మిత్రుడి సిద్ధాంతం కొత్తదేమీ కాదు. దాన్ని అక్షరాలా ఆచరణలో పెట్టిన మహానుభావుడు అమెరికాలో ఉండేవాడు. 1953లో క్లైడ్ మెక్‌ఫాటర్ అనే గాయకుడి చుట్టూ డ్రిఫ్టర్స్ అనే బృందం ఏర్పడింది. కొన్నాళ్ళకు మెక్‌ఫాటర్ ఆ పేరులో తనకున్న వాటాను మేనేజరు జార్జ్ ట్రెడ్‌వెల్‌కు అమ్ముకొని తన దారిన తాను పోయాడు. మిగిలినవారు జీతగాళ్ళుగా మిగిలారు. 1958లో ట్రెడ్‌వెల్ ఆ జీతగాళ్ళందరినీ ఒక్కపెట్టున తీసివేసి, ఫైవ్ క్రౌన్స్ అనే వేరొక బృందాన్ని తెచ్చి వారికి డ్రిఫ్టర్స్ అని పేరు పెట్టాడు. వారిలో బెన్ ఇ. కింగ్ వంటి గొప్ప గాయకుడున్నాడు. 1959లో వారు పాడిన 'దేర్ గోస్ మై బేబీ' దేశమంతటా మారుమోగింది. "చూశావా, పేరే నిలిచింది!" అంటాడు మా వకీలు. నేను చూసింది వేరు. ఫైవ్ క్రౌన్స్ అనే మంచి బృందం ఒకటి తన పేరు పోగొట్టుకొని ఇంకొకరి చొక్కా తొడుక్కొని పాడింది. ఆ చొక్కాకు దక్కిన కీర్తి పాడినవాడికి అన్నం పెట్టలేదు. జీతం దగ్గర పేచీ వచ్చి కింగ్ 1960లోనే వెళ్ళిపోయాడు. నిలిచినది బ్యాండు కాదు, దుకాణం బోర్డు.

అయితే రెండవ పక్షంవారు, అంటే "మొదటి మనుషులుంటేనే బ్యాండు" అనే వీరాభిమానులు, అప్పుడే సంబరపడనక్కరలేదు. వారి కోసం రాడ్ ఇవాన్స్ కథ ఉంది. ఇతడు 1968లో డీప్ పర్పుల్ స్థాపక సభ్యుడు, తొలి మూడు ఆల్బములకు గాయకుడు. 1969లో అతడి స్థానంలో ఇయాన్ గిలన్ వచ్చాడు. 1976లో బృందం విడిపోయింది. 1980లో ఇవాన్స్ ఆ బృందంతో ఏ సంబంధమూ లేని వాద్యగాళ్ళను కూడగట్టుకొని డీప్ పర్పుల్ పేరుతో కచేరీలకు బయలుదేరాడు. జనం 'స్మోక్ ఆన్ ద వాటర్' కోసం వచ్చారు. ఆ పాట 1972 నాటిది, అతడు దాన్ని పాడినవాడే కాదు. న్యాయస్థానం 6,72,000 డాలర్ల నష్టపరిహారం విధించింది. పునాదిరాయి వేసినవాడు కదా, అసలు మనిషి కాదంటారా? అసలు మనిషే. కానీ అతడొక్కడూ వచ్చినంత మాత్రాన బ్యాండు వెంటరాలేదు.

మరి దేన్ని బట్టి తేల్చాలి? నా మట్టుకు నాకు మన ఇళ్ళలోని దత్తత గుర్తుకు వస్తుంది. దత్తుడిలో ఆ ఇంటి నెత్తురు చుక్కైనా ఉండదు. ఐనా ఇంటిపేరు అతడికి న్యాయంగా వస్తుంది. ఎందుచేత? ఆ ఇంట్లో బ్రతికి ఉన్నవారు పిలిచి ఒడిలో కూర్చోబెట్టుకొన్నారు గనుక, ఆ ఇంటి అన్నం తిని, ఆ ఇంటి నడత నేర్చుకొని పెరిగాడు గనుక. అంతేగాని బజారులో ఇంటిపేరు కొనుక్కొన్నవాడిని వారసుడని ఎవరూ అనరు. బ్యాండు కూడా అంతే. ఉన్నవారు కొత్తవాడిని పక్కన నిలబెట్టుకొని కలిసి వాయించాలి. వాయింపు చేతినుండి చేతికి అందాలి. అలా అందినంత కాలం మనుషులు మారినా ఆ పేరు అబద్ధం కాదు.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌ను చూడండి. 1967లో పీటర్ గ్రీన్ ఆ బృందానికి తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్ములు వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ వాయించే జాన్ మెక్‌వీ, ఈ ఇద్దరి పేర్లు కలిపి పెట్టాడు. (అప్పటికి మెక్‌వీ ఇంకా చేరనేలేదు! పేరు చూసైనా వస్తాడని ఆశ.) గ్రీన్ 1970లో వెళ్ళిపోయాడు. ఆ తరువాత గిటారు వాయించేవారు ఒకరి వెనుక ఒకరు పోతూనే ఉన్నారు. 1974 జనవరిలో మేనేజరు క్లిఫర్డ్ డేవిస్, పేరు తనదేనంటూ, ఆ ఇద్దరిలో ఒక్కరూ లేని బృందాన్ని ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌గా అమెరికాకు పంపాడు. ఫ్లీట్‌వుడ్ తరువాత వచ్చి కలుస్తాడని తమకు చెప్పారని ఆ వాద్యగాళ్ళ వాదన. టికెట్టు కొన్నవారికి మాత్రం మోసమే మిగిలింది. అసలు బృందం కోర్టుల చుట్టూ తిరిగింది. అదే ఏడాది చివర లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ వచ్చి చేరారు. 1977లో 'రూమర్స్' వచ్చింది. బ్లూస్ వాయించే పాత బృందానికీ దీనికీ పోలికే లేదు, ఒప్పుకొంటాను. కానీ వెనుక డ్రమ్ములూ బేసూ ఆ చేతులవే. బకింగ్‌హామ్, నిక్స్ దత్తులు. మేనేజరు పంపినవారు, పాపం, ఎంత బాగా వాయించినా, బాడుగ బంధువులు.

ఇక పింక్ ఫ్లాయిడ్. ఆ పేరు పెట్టినవాడు సిడ్ బారెట్. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి తీసి అతికించాడు. అతడి మనసు అదుపు తప్పుతున్న రోజుల్లో డేవిడ్ గిల్మోర్‌ను పిలిచారు. 1968 ఆరంభంలో కొద్ది కచేరీలలో అయిదుగురూ కలిసి వాయించారు. అంతకంటే స్పష్టమైన దత్తత ఏముంటుంది? 1975 జూన్‌లో, 'విష్ యూ వర్ హియర్' రికార్డింగు జరుగుతుండగా, బట్టతలతో బొద్దుగా మారిన ఒక మనిషి స్టూడియోకు వచ్చి కూర్చొన్నాడు. అతడు బారెట్ అని పాత మిత్రులు చాలాసేపు పోల్చుకోలేకపోయారు. పేరు పెట్టినవాడిని పేరుగలవారు గుర్తించలేదు. ఈ సంగతి తలుచుకొన్నప్పుడల్లా నా సిద్ధాంతం మీద నాకే కొంచెం జంకు కలుగుతుంది. దత్తుడు న్యాయంగానే వచ్చాడు. కానీ అతడు కూర్చొన్న చోటు ఖాళీ అయిన తీరులో న్యాయమెంతో చెప్పలేను.

రోజర్ వాటర్స్ 1985 డిసెంబరులో బయటకు వచ్చాడు. తాను లేని పింక్ ఫ్లాయిడ్ ఉండరాదని 1986లో దావా వేశాడు. 'ద వాల్' చాలా వరకు అతడి సృష్టే, కాదనలేం. కానీ ఆ ఆల్బం నాటికే కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌ను సభ్యత్వం నుండి తొలగింపజేసి, ఆ కచేరీలకు జీతం మీద వాయింపజేసినదీ అతడే. (ఆ కచేరీలలో మిగతా ముగ్గురికీ నష్టం వచ్చి, జీతగాడికే లాభం మిగిలిందట!) తోటివాడిని అద్దెకున్నవాడిగా మార్చినవాడు, మిగిలినవారు ఇల్లు ఖాళీ చేయాలని కోరడం ఏ ధర్మం? 1987 డిసెంబరులో గిల్మోర్ పడవ ఇంట్లో రాజీ కుదిరింది. దావా వేయడం పొరపాటేనని 2013లో వాటర్స్ స్వయంగా ఒప్పుకొన్నాడు. వాటర్స్ లేకుండా 1987లో వచ్చిన ఆల్బం నాకు రుచించదు. అయినా అది పింక్ ఫ్లాయిడే. పెద్దింటి కొడుకు పనిమంతుడు కాకపోతే ఇంటిపేరు ఊడిపోతుందా?

"మన సురభి మాటేమిటి? 1885 నాటి మనుషులు ఒక్కరూ లేరు, పేరు లేదా?" అన్నాడు మిత్రుడు, గెలిచినట్టే. అయ్యా, అది నా పక్షాన సాక్ష్యం! కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు నాటిన చెట్టు అది. అక్కడ పసిబిడ్డలు తల్లుల చంకన రంగస్థలం మీదికి వచ్చి, అక్కడే మాట నేర్చి, అక్కడే ముసలివారయ్యారు. ఆ పేరును ఎవరో వచ్చి కొనుక్కొని, కూలికి నటులను పెట్టి ఆడించలేదు.

2005లో పెన్సిల్వేనియా, ఆ పిమ్మట ముప్పైకి పైగా అమెరికా రాష్ట్రాలు, పాత బృందాల పేర్లతో నకిలీ కచేరీలు చేయరాదని చట్టాలు చేశాయి. రికార్డు చేసిన బృందంలోని మనిషి ఒక్కడైనా వేదిక మీద ఉండాలన్నారు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! పేరు ట్రేడ్‌మార్కుగా నమోదై ఉన్నవాడికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ముందు గుమ్మం మూసి పెరటి తలుపు తెరిచినట్టు. మా వకీలుకు ఆ పెరటి తలుపే రాజద్వారం.

నేను మాత్రం నిక్ మేసన్‌ను చూపించాను. పింక్ ఫ్లాయిడ్ స్టూడియో ఆల్బములన్నింటిలోనూ ఉన్న సభ్యుడు అతడొక్కడే. 2018లో తొలినాళ్ళ పాటలు వాయించడానికి కొత్తవారితో ఒక బృందం కట్టుకొన్నాడు. దానికి పింక్ ఫ్లాయిడ్ అని పెట్టలేదు; 'నిక్ మేసన్స్ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' అని, తన పేరూ 1968 నాటి ఆల్బం పేరూ కలిపి పెట్టుకొన్నాడు. 2019 ఏప్రిల్‌లో న్యూయార్కు కచేరీలో వాటర్స్ వేదిక మీదికి వచ్చి అతడితో కలిసి ఒక పాట పాడాడు. ఆనాటి టికెట్టు మీద పింక్ ఫ్లాయిడ్ అన్న పేరు లేదు.