కృష్ణాతీరం నుండి అగ్నిగిరుల చెంతకు

వేసవి సెలవులు సమీపించగానే విజయవాడ నగరంలోని ఇళ్ళలో ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. ఒక తరం కిందట ఆ ప్రస్తావన తిరుమలతోనో, ఊటీతోనో ముగిసేది. నేడు అది సముద్రం దాటి ఇండోనేషియా దేశంలోని బాలి ద్వీపం వరకు సాగుతున్నది. యాత్రాసంస్థల రంగుల కరపత్రాలలో హోటలు బస, ఉదయపు ఫలహారం, సముద్రతీర విహారం, అగ్నిపర్వత శిఖరంపై సూర్యోదయ దర్శనం వరుసగా ముద్రించి ఉంటాయి. ధర ఎంతో, గదిలో ఏయే సౌకర్యాలున్నవో కూడ ఉంటుంది. ఆ పర్వతం ఎటువంటిదో, దాని పాదాన నివసించే ప్రజలు ఎలా బ్రతుకుతున్నారో మాత్రం ఉండదు. కుటుంబసభ్యులు కూర్చుని వేసుకొనే లెక్కలలోనూ ఆ ప్రశ్నకు చోటు దొరకదు. టిక్కెట్లు కొనగానే యాత్రకు సన్నాహం పూర్తయినట్లు భావించడం నేటి పొరపాటు. వెళ్ళబోయే నేల స్వభావాన్ని ముందుగా తెలుసుకోవడమే అసలైన సన్నాహం. అగ్నిని కడుపులో దాచుకొన్న దేశానికి వెళ్ళేటప్పుడు ఈ మాట మరింత వర్తిస్తుంది.

తెలుగువారికి ఇటువంటి సన్నాహం కొత్త కాదు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, పదిహేను నెలలకు పైగా ప్రయాణించి 1831లో తిరిగివచ్చాడు. ఆయన రచించిన 'కాశీయాత్ర చరిత్ర'లో క్షేత్రాల ప్రసక్తితోపాటు మజిలీలు, బాటల తీరు, నీటివసతి, దారిలో లభించే వస్తువులు, ఆయా ప్రాంతాల ప్రజల ఆచారాలు చోటు చేసుకొన్నాయి. యాత్రికుడు చూచే కన్నుతోపాటు విచారించే బుద్ధిని కూడ వెంట తీసుకొని వెళ్ళాలని ఆ గ్రంథం నిరూపిస్తున్నది.

ఇండోనేషియా దీవులతో కృష్ణాతీరానికి ఉన్న సంబంధం అంతకంటె ప్రాచీనమైనది. క్రీ.శ. రెండవ శతాబ్దికి చెందిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా తీరాన్ని వర్ణిస్తూ, సువర్ణభూమికి నౌకలు బయలుదేరే స్థలాన్ని ఆ ప్రాంతంలోనే పేర్కొన్నాడు. ఆయన చెప్పిన కొంటకొస్సుల నేటి ఘంటసాల అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. పదిహేడవ శతాబ్దిలో మచిలీపట్నం రేవు నుండి అద్దకపు వస్త్రాలు ఓడలకెక్కి ఆ దీవులకు చేరేవి. వాటికి బదులుగా సుగంధద్రవ్యాలు లభించేవి. ఆనాటి నావికులు తోచినప్పుడు తెరచాప ఎత్తలేదు. ఋతుపవనాల రాకపోకలను గమనించి, అనుకూలమైన గాలి కోసం నెలల తరబడి వేచి ఉండేవారు. ప్రకృతి అనుమతి పొందిన తరువాతనే వారి ప్రయాణం మొదలయ్యేది.

నేటి యాత్రికునికి విమానం ఉన్నది. అయినను కాలజ్ఞానం అక్కరలేదని అనుకోరాదు. బాలి ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండుటచే అక్కడ సుమారు నవంబరు నుండి మార్చి వరకు వానలు కురుస్తాయి. కృష్ణాజిల్లాలో ఎండలు మండే ఏప్రిల్, మే నెలలు అక్కడ వానలు వెనుకబట్టే కాలం. కనుక వేసవి సెలవులలో వెళ్ళదలచుట యుక్తమే. శకసంవత్సరాదిని బాలి ప్రజలు సాధారణంగా మార్చి నెలలో 'న్యెపి' అనే మౌనదినంగా పాటిస్తారు. ఆ రోజున వీధులలో సంచారం ఉండదు, దీపాలు వెలిగించరు, విమానాశ్రయం సైతం మూతపడుతుంది. పర్యాటకులు కూడ బసలోనే ఉండాలి. ఈ సంగతి ఎరుగనివాడు ఒక రోజు వృథా అయినదని విసుగుకొంటాడు. ఎరిగినవాడు ఒక ద్వీపమంతా మౌనం వహించే అపురూపమైన రోజు తనకు దక్కినదని సంతోషిస్తాడు.

ఇక అగ్నిపర్వతాల విషయం. ఇండోనేషియా పదిహేడు వేలకు పైగా దీవుల సముదాయం. ఆ దీవులకు దక్షిణాన సముద్రగర్భంలో భూఫలకాలలో ఒకటి మరొకదాని కిందికి దిగిపోతూ ఉంటుంది. ఆ లోతులలో పుట్టిన శిలాద్రవం పైకి ఉబికి వచ్చుటచే నూటికి పైగా క్రియాశీలక అగ్నిపర్వతాలు ఆ దేశంలో ఏర్పడినవి. 1815లో సుంబావా దీవిలోని తంబోరా పర్వతం బద్దలైనప్పుడు ఆకాశానికెగసిన ధూళి సూర్యకాంతిని అడ్డగించగా, మరుసటి సంవత్సరం ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో వేసవియే రాలేదని చెప్పుకొన్నారు. 1883 ఆగస్టులో క్రాకటోవా విస్ఫోటనం, దాని వలన లేచిన అలలు కలిసి ముప్పై ఆరు వేలకు పైగా ప్రాణాలను హరించినవి. బాలిలోనే 1963లో ఆగుంగ్ పర్వతం వేయిమందికి పైగా బలిగొన్నది.

ఇంత జరిగినా ప్రజలు ఆ పర్వతాలను విడిచి ఎందుకు పోలేదని యాత్రికునికి సందేహం కలుగవచ్చు. ప్రపంచంలోని దీవులలో అత్యధిక జనాభా గలది అగ్నిపర్వతాలు నిండిన జావా ద్వీపమే. పర్వతం వెదజల్లిన బూడిద కాలక్రమాన ఖనిజాలతో కూడిన సారవంతమైన మట్టిగా మారుతుంది. ఆ మట్టిలోనే బాలి రైతులు కొండవాలులను మెట్లుగా మలచి వరి పండిస్తున్నారు. ఎగువ పొలాలకు, దిగువ పొలాలకు నీటిని పంచుకొనేందుకు 'సుబాక్' అనే రైతుసంఘాలను వారు శతాబ్దాల కిందటనే ఏర్పరచుకొన్నారు. బాతూర్ అగ్నిపర్వత గర్భంలో ఏర్పడిన సరస్సును ఆ జలాలకు మూలంగా భావించి కొలుస్తారు. ఈ వ్యవస్థకు నెలవైన ప్రాంతాలను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

ఈ వివరం కృష్ణా డెల్టా వాసికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తి అయిన నాటి నుండి శివారు భూములకు నీరు అందే విషయమై ఎన్ని తగవులు, ఎన్ని రాజీలు జరిగినవో ఇక్కడి ప్రతి పల్లెకూ తెలుసు. ప్రమాదపు అంచున జీవించడం కూడ ఈ ప్రాంతానికి తెలుసు. 1864లో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచి వేలాది ప్రాణాలు తీసినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ, పరిసర ప్రాంతాలలో పదివేలకు పైగా జనం మరణించారు. అయినను ఆ నేలను ప్రజలు విడువలేదు. మరుసటి కార్తెలకు మళ్ళీ నారు పోశారు. అన్నం పెట్టే నేలయే అప్పుడప్పుడు ఆగ్రహిస్తుందని వారికి అనుభవం నేర్పినది. దివిసీమ రైతుకూ, ఆగుంగ్ వాలున నివసించే రైతుకూ ఈ విషయంలో భేదం లేదు.

వీరిని కలిపే బంధం మరొకటి కూడ ఉన్నది. కృష్ణవేణి జన్మస్థానమైన మహాబలేశ్వరం కొండలు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కనులో ప్రవహించిన లావా గడ్డకట్టగా ఏర్పడినవి. ఆ నల్లరాయి అరిగి అరిగి మట్టియై, నదితో కలిసి వచ్చి డెల్టా నేలలో చేరినది. దివిసీమ పొలంలోని గుప్పెడు నల్లమట్టిలో ఏనాడో చల్లారిన అగ్నిపర్వతాల అంశ ఉన్నది. అటువంటి నేల మీద పుట్టినవాడు మరొక అగ్నిగిరి పాదాన నిలిచినప్పుడు దానిని వినోదవస్తువుగా మాత్రమే చూడడం ఉచితం కాదు.

ఈ ఎరుక కలిగినవాని ప్రణాళిక వేరుగా ఉంటుంది. 2017 నవంబరులో ఆగుంగ్ బూడిద వెదజల్లినప్పుడు బాలి విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడి వేలాది యాత్రికులు నిలిచిపోయారు. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవోతోబి పర్వతం వలన బాలికి వెళ్ళవలసిన అనేక విమానాలు రద్దయ్యాయి. బూడిద విమాన యంత్రాలలో కరిగి అంటుకొని వాటిని చెరుపుతుంది గనుక ఆ జాగ్రత్త తప్పనిసరి. కనుక వివేకవంతుడు తిరుగు ప్రయాణపు మరునాడే ఉద్యోగంలో చేరవలసిన విధంగా లెక్క వేసుకోడు. రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకొంటాడు. నిత్యం వాడే మందులు, కొంత ధనం అదనంగా తీసుకొని వెళతాడు. ప్రయాణ బీమా పత్రంలో అగ్నిపర్వత విస్ఫోటనానికి పరిహారం ఉన్నదో లేదో చదివి చూస్తాడు.

మచిలీపట్నం రేవులో ఎగురవేసే తుపాను హెచ్చరిక సంఖ్యకు అర్థం తీరవాసులకు తెలుసు. అదే విధంగా ఇండోనేషియాలో ప్రతి అగ్నిపర్వతానికీ నాలుగు అంతస్తుల హెచ్చరిక ఉన్నది. దానిని తెలుసుకొనకుండ కొండ ఎక్కడం, హెచ్చరిక ఎగురుతుండగా సముద్రంలోకి పడవ దించడం ఒక్కటే. సుమత్రాలోని మరాపి పర్వతంపై బిలం సమీపానికి వెళ్ళవద్దని శాస్త్రజ్ఞులు సూచించి ఉన్నారు. అయినను 2023 డిసెంబరులో అది అకస్మాత్తుగా బద్దలైనప్పుడు పైన ఉన్న ఇరవైమందికి పైగా పర్వతారోహకులు ప్రాణాలు కోల్పోయారు.

కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో వెళ్ళినవారు శిఖరం చూడకుండ ఎలా తిరిగిరాగలరని కొందరు వాదించవచ్చు. ఆ బాధ సహజమే. ఏడాది పొదుపును ఆరు రోజులలో ఖర్చు చేసే మధ్యతరగతి కుటుంబానికి ఒక్కపూట నష్టం కూడ భారమే. కాని "డబ్బు కట్టాము కదా" అనే మాటకు పర్వతం లొంగదు. ఆ మాటకు లొంగేవాడు దారి చూపే పేద కూలివాడు. యాత్రికుని ఒత్తిడికి తలవంచి నిషిద్ధమైన వాలు మీదికి నడిచేవాడు, యాత్రికునికంటె ముందు నడుస్తాడు. తన ముచ్చట కోసం మరొకని ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఏ టిక్కెట్టూ ఇవ్వదు.

2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద కంపించిన భూమి, కొన్ని గంటలలోనే కృష్ణాతీరం వరకు అలలను పంపినది. ఆ దీవులకూ, ఈ తీరానికీ నడుమ ఉన్నది ఒకే సముద్రమని ఆనాడు అందరికీ తెలిసినది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని కాలనీలను ముంచెత్తినప్పుడు, సొంత ఊరి నేల స్వభావం కూడ ఎందరికో తెలియదని తేలినది. పరదేశపు పర్వతాన్ని గౌరవించడం నేర్చుకొని వచ్చినవాడు తన వాకిట పారే వాగును కూడ గౌరవిస్తాడు. యాత్ర వలన కలుగవలసిన ఫలం ఇదే. కనుక పెట్టె సర్దుకొనుటకు ముందు కుటుంబమంతా ఒక సాయంకాలం దేశపటం ముందు కూర్చోవాలి. ఆ సాయంకాలంతోనే యాత్ర ఆరంభమైనదని గ్రహించాలి.