సూదితో పిండే పాలు

పాలు పిండుకోవడం కోసం రోజూ పశువు ఒంట్లోకి సూది దించడం నేరం. ఇది పాడి రైతు తెలివీ కాదు, తప్పనిసరి అలవాటూ కాదు. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే ఏ పని చేసినా, సూదిమందు వేసినా, రెండేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. ఆ పశువు ప్రభుత్వపరం అవుతుంది. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరాల్లో అదొకటి. ఇంత స్పష్టమైన చట్టం ఉండగానే నగరాల అంచున ఉన్న కొట్టాల్లో తెల్లవారుజామున పేరు, తేదీ లేని ప్లాస్టిక్ సీసాల మూతలు తెరుచుకుంటున్నాయి. ఒకే సూది గేదె నుంచి గేదెకు నడుస్తోంది.

ఆ సీసాలో ఉండేది ఆక్సిటోసిన్. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలోకి విడుదలయ్యే హార్మోను ఇది. ఈ గ్రంథి రసానికి గర్భసంచిని బిగించే గుణం ఉందని 1906లో హెన్రీ డేల్ కనిపెట్టాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసును 1953లో ప్రయోగశాలలో తయారు చేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. పశువుల కొట్టంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఈ మందు ఒక్క చుక్క పాలు కూడా కొత్తగా తయారు చేయదు. పొదుగులోని పాలగుళ్ల చుట్టూ ఉండే సన్నని కండర కణాలను బిగించి, అప్పటికే తయారైన పాలను కిందికి నెడుతుంది, అంతే. దూడ మూతి తగిలినా, చన్నులను చేత్తో నిమిరినా, దాణా బకెట్టు చప్పుడు వినిపించినా గేదె మెదడే ఆ పని చేసుకుంటుంది. దాన్నే మనవాళ్లు చేపడం అంటారు. ఆవుతో పోలిస్తే గేదె ఆలస్యంగా చేపుతుంది. దాని పాలలో దాదాపు అంతా పాలగుళ్లలోనే నిలిచి ఉంటుంది, చన్నుల పైనున్న ఖాళీలోకి ముందుగా దిగేది చాలా తక్కువ. అందుకే గేదె దగ్గర ఓపిక కావాలి. ఆ రెండు మూడు నిమిషాల ఓపిక లేనిచోటే సూది దూరింది.

ఓపిక ఒక్కటే కారణమని సరిపెట్టలేం. పాల కేంద్రంలో ధర కట్టేది వెన్న శాతం చూసి. తొలి ధారల్లో వెన్న పలచగా ఉంటుంది, చివరి ధారల్లో చిక్కగా ఉంటుంది. మామూలుగా పితికితే పొదుగులో మిగిలిపోయే ఆ చివరి పాలు దూడకు దక్కాలి. సూది వేస్తే అవి కూడా క్యానులోకి వస్తాయి. దూడ నోటి దగ్గరి పాలకే ఎక్కువ ధర కట్టే లెక్క ఇది. పైగా మగదూడ అయితే దాన్ని సాకడమే దండగ అనుకునే చోట దూడను ఆకలికి వదిలేస్తున్నారు. అది చచ్చాక తల్లి చేపదు. అప్పుడు సూది తప్పదంటున్నారు. దూడను చంపుకున్నవాళ్లే దూడ లేదని వాపోవడాన్ని మేం సమర్థనగా ఒప్పుకోం.

పశువుకు జరిగే నష్టం కంటికి కనిపించనిదేమీ కాదు. రోజూ బయటి నుంచి హార్మోను అందితే పొదుగు సొంత సంకేతానికి స్పందించడం తగ్గిస్తుంది. సూది మానేసిన నాడు ఆవులు సరిగా చేపలేదని పశు శరీర ధర్మ శాస్త్రవేత్త రూపర్ట్ బ్రుక్‌మైయర్ 2003లో ప్రచురించిన పరిశోధన చూపింది. అంటే ఒకసారి మొదలుపెట్టినవాడు ఆపలేని స్థితికి వస్తాడు. రోజుకు రెండుసార్లు గుచ్చిన చోట గడ్డలు కడతాయి. శుభ్రం చేయని సూది వెంట జబ్బులు కొట్టమంతా తిరుగుతాయి. పైగా ఆక్సిటోసిన్ వేడికి చెడిపోయే మందు, చల్లగా దాచాలి. ఎండలో పడి ఉన్న సీసాలో ఎంత బలం మిగిలిందో అమ్మేవాడికీ తెలియదు, వేసేవాడికీ తెలియదు. పని చేయలేదని మోతాదు పెంచుకుంటూ పోతారు.

ఈ క్రూరత్వం ఇప్పటిది కాదు. గేదె వెనుక భాగంలోకి గాలి ఊది పాలు చేపించే ఫూకా అనే పద్ధతి వంద ఏళ్ల కిందట కలకత్తా పాలవాళ్లలో ఉండేది. ఆ హింస గురించి చదివాకే గాంధీజీ 1912లో పాలు మానేశారు. 12వ సెక్షన్ ఫూకాను పేరుపెట్టి నిషేధించింది. ఫూకాలో హింసించి పశువు సొంత ఆక్సిటోసిన్‌ను రప్పించేవారు, ఇప్పుడు అదే హార్మోనును సీసాలోంచి ఎక్కిస్తున్నారు.

ఇక్కడే ఒక మాట ఖండితంగా చెప్పాలి. సూది వేసిన గేదె పాలు తాగితే ఆడపిల్లలు ముందే పెద్దమనుషులవుతారని ఊరూరా ప్రచారం నడుస్తోంది. అది శాస్త్రం కాదు. ఆక్సిటోసిన్ ప్రొటీన్ తరహా పదార్థం, పొట్టలో జీర్ణమైపోతుంది, రక్తంలో కూడా కొద్ది నిమిషాలకు మించి నిలవదు. సూది వేసిన గేదెల పాలనూ, వేయని గేదెల పాలనూ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించి, హార్మోను మోతాదులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. నష్టపోయేది ప్రధానంగా ఆ గేదె, దాని దూడ. మనకు ముప్పు లేకపోతే ఊరుకుందామనేవారు ఆ మూగజీవి కళ్లలోకి ఒక్కసారి చూడాలి.

తప్పుడు భయం తప్పుడు ఉత్తర్వును కంటుందనడానికి 2018 సాక్ష్యం. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రైవేటు కంపెనీలు దేశీయ వాడకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని, ప్రభుత్వ రంగంలోని కర్ణాటక యాంటీబయోటిక్స్ సంస్థ ఒక్కటే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. దిగుమతినీ ఆపేసింది. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లిని కాపాడే మొదటి మందు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ప్రతి కాన్పులోనూ 10 యూనిట్లు ఇవ్వాలని ఆ సంస్థ సిఫారసు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. ఈ మందు సరఫరా ఒక్క ఫ్యాక్టరీ మీద ఆధారపడితే ఆ అంకెలు ఎటు కదులుతాయో ఉత్తర్వు రాసినవారు ఆలోచించలేదు. 2018 డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు దాన్ని అహేతుకమని కొట్టేసింది. 2019లో సుప్రీంకోర్టు ఈ వివాదాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. హైకోర్టు తీర్పు సరైనదని మా నిశ్చితాభిప్రాయం. దొంగచాటు సీసాలు లైసెన్సు ఉన్న కంపెనీ గేటు నుంచి రావు. గేటు మూసినంత మాత్రాన ఆగవు.

పశువైద్యంలోనూ ఈ మందుకు గౌరవమైన చోటుంది. ఈనేటప్పుడు నొప్పులు మందగించినా, ఈనిన వెంటనే మాయ పడకపోయినా, పొదుగువాపులో చెడిన పాలు పూర్తిగా తీయాల్సి వచ్చినా, తొలి ఈత పడ్డ బెదురుతూ చేపకపోయినా డాక్టరు ఒకటి రెండు సార్లు వాడతాడు. మందుల చీటీ మీద, శీతల పెట్టెలోంచి, కొత్త సూదితో. ఆ దారి మూయమని ఎవరూ అడగకూడదు.

మూయాల్సింది దాణా దుకాణాల్లో, పశువుల సంతల్లో నడిచే చాటు అమ్మకాన్ని. 2024లో ఢిల్లీ హైకోర్టు అక్కడి డెయిరీల్లో ఆక్సిటోసిన్ వాడకాన్ని పశుహింసగా చెప్పి, వారం వారం తనిఖీలు జరపాలని, పోలీసులు కేసులు పెట్టి సరుకు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలని ఆదేశించింది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో అదే పని చేయడానికి మన అధికారులు కోర్టు ఆదేశం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు గేదెలున్న రైతును లాక్కెళ్లడం వీరత్వం కాదు. తయారీదారుణ్ణి, టోకు వ్యాపారిని, వందల గేదెలను సూది మీద నడిపే కొట్టం యజమానిని పట్టుకోవాలి. వెయ్యి రూపాయల జరిమానా నేడు రెండు ముర్రా గేదెల ఒక్క పూట పాల ఖరీదు. పార్లమెంటు దాన్ని సవరించాలి. వెన్న శాతానికి డబ్బు కట్టే డెయిరీలు, సహకార సంఘాలు దూడను బతికించిన ఇంటికి లీటరు మీద అదనంగా చెల్లించాలి. పితికే ముందు చన్నులు నిమరడం, దాణా పెట్టడం నేర్పే బాధ్యత కూడా వాటిదే. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనంలో చేపని గేదెకు చికిత్స దొరకాలి.

ముందుగా రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక, పోలీసు, ఔషధ నియంత్రణ శాఖలు 12వ సెక్షన్ కింద గత ఐదేళ్లలో ఎన్ని కేసులు పెట్టాయో, ఎన్నింటిలో శిక్ష పడిందో జిల్లాలవారీగా బయటపెట్టాలి.