సమ్మక్క అని పిలిస్తే పలికేదెవరు?

పన్నెండేళ్ల కిందట ఒక అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని మా బడికి వచ్చింది. పిల్ల పేరేమిటని అడిగాం. "సమ్మక్క" అంది. రాయబోయిన చెయ్యి ఆగింది. "అవ్వా, ఇంట్ల అట్లనే పిలుచుకో. బడిలో మంచి పేరు రాద్దాం. రేపు పట్నం పోతే పిల్లను చూసి నవ్వుతారు" అన్నాం. చదువుకున్నోళ్లకు తెలుసులే అనుకుని అవ్వ ఊరుకుంది. రిజిస్టర్‌లో స్వప్న అని రాశాం.

మొన్న ఆ పిల్ల ఇంటర్ పాసై బోనఫైడ్ కోసం వచ్చింది. ములుగులోని గిరిజన విశ్వవిద్యాలయంలో చేరుతుందట. "సార్, ఆ యూనివర్సిటీకి నా పేరే పెట్టిండ్రు కదా! మరి నాకెందుకు తీసేసిండ్రు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

అసలు ఆ పేరులో ఏముందని మేము సిగ్గుపడ్డాం? మన పెద్దలు చెప్పే కథ అందరికీ తెలిసిందే. అడవికి పోయిన కోయ దొరలకు పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప దొరికింది. ఆమే పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడింది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మేడారం మీదికి వస్తే ఎదురు నిలిచింది. కొడుకు జంపన్న పడిపోయిన వాగుకు అతని పేరే మిగిలింది. ఆమె చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, కుంకుమ భరిణె మిగిలింది. ఈ కథను కోయ డోలీలు తరతరాలుగా పాడుతున్నారు. అట్లా పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

పేరు చివర చూడండి. దేవి అని లేదు, రాణి అని లేదు. అక్క అని ఉంది. తల్లి పేరులో అక్క, కూతురు సారలమ్మ పేరులో అమ్మ. గద్దె మీద విగ్రహం లేనట్టే పేరులోనూ ఆడంబరం లేదు. మనకు దేవత అంటే మన ఇంటి ఆడబిడ్డ. ఇంత దగ్గరితనం ఉన్న పేరు మోటు పేరు ఎట్లా అయింది?

ఒకప్పుడు ఈ పేరు మొక్కుతో వచ్చేది. పిల్లలు లేనివాళ్లు మేడారంలో మొక్కుకునేవారు. ఆడపిల్ల పుడితే సమ్మక్క, సారక్క. మగపిల్లాడైతే సమ్మయ్య, సారయ్య. బిడ్డను ఎత్తుకుపోయి నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇచ్చేవారు. మన గూడేల్లోనే కాదు, పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో గిరిజనేతరులూ ఈ పేర్లు పెట్టుకున్నారు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తరగతిలో ఇద్దరు సమ్మక్కలుంటే పెద్ద సమ్మక్క, చిన్న సమ్మక్క అని పిలిచేవాళ్లం. ఈ ఏడాది మా హాజరుపట్టీ అంతా వెతికినా ఒక్క సమ్మక్క లేదు.

మరోవైపు పేరు గొప్పదైపోతోంది. 1996లో జాతర రాష్ట్ర పండుగైంది. తుపాకులగూడెం బ్యారేజీ సమ్మక్క బ్యారేజీ అయింది. 2023లో పార్లమెంటు చట్టం చేసి సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టింది. కోటి మంది వచ్చి గద్దెల ముందు దండం పెడతారు. అదే పేరు గల పిల్ల హాస్టల్లో అడుగుపెడితే కిసుక్కున నవ్వుతారు. కాంక్రీటుకు పెడితే గౌరవం, కన్నబిడ్డకు పెడితే నామోషీనా? ఇదెక్కడి భక్తి?

తప్పంతా బయటివాళ్ల మీద వేసి చేతులు దులుపుకోలేం. నవ్వింది వాళ్లే కావచ్చు, రిజిస్టర్‌లో పేరు కొట్టేసింది మాత్రం మనమే. టీచర్ ట్రైనింగులో పిల్లవాడి ఇంటి భాషను గౌరవించాలని చదివాం, పరీక్ష రాశాం, పాసయ్యాం. బడికి వచ్చాక ఆ పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న మొదటి మాటనే, తన పేరునే, గడప బయట పెట్టించాం.

"కాలం మారింది, కొత్త పేర్లు పెట్టుకుంటే తప్పా?" అని యువకులు అడుగుతారు. తప్పు కాదు. నచ్చి పెట్టుకుంటే అది మీ ఇష్టం. కానీ ఎవరో నవ్వుతారని పాతది దాచుకుంటే అది ఇష్టం కాదు, భయం. కప్పం కట్టనన్న తల్లి బిడ్డలం మనం. ఇవాళ మన పేర్లనే కప్పంగా కడుతున్నాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. చేర్పించేనాడు తల్లిదండ్రులు చెప్పిన పేరే రాయండి, దిద్దకండి. పదో తరగతి మెమో మీద పడ్డాక ఆ పేరు మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. తరగతిలో ఎవరైనా నవ్వితే, నవ్వించుకున్న పిల్ల పేరు మార్చకండి. నవ్విన పిల్లలకు ఆ పేరు కథ చెప్పండి. యువతీ యువకులారా, రేపు మీకు బిడ్డ పుడితే ఫోనులో పేర్లు వెతికే ముందు మీ ఇంట్లో ముసలమ్మను ఒకసారి అడగండి.

ఆ పిల్ల ఇప్పుడు తన పేరు తనకు కావాలంటోంది. దరఖాస్తు మేమే రాసిచ్చాం, ఆఫీసుకు తోడుగా మేమే పోతున్నాం. ఎన్నిసార్లు తిప్పినా తిరుగుతాం. కొట్టేసిన చెయ్యే మళ్లీ రాయాలి.