బీటెక్ తరువాత మళ్ళీ మొదటి నుండా?



కోతలు మొదలైన వారంలో ఒక గురువారం గృహకూడిక ముగిసింది. అందరూ వెళ్ళిపోయినా ఒక సహోదరి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కొడుకు సర్టిఫికెట్లు. పేరు రాయను. మిగతాది రాయడానికి ఆమే, అబ్బాయీ ఒప్పుకున్నారు. అబ్బాయి 2023లో మెకానికల్ బీటెక్ పూర్తిచేశాడు. చెన్నై వైపు ఒక ఫ్యాక్టరీలో ఏడాది చేశాడు. రూము అద్దె, మెస్సు పోను చేతిలో ఏమీ మిగలక ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు అమీర్‌పేట వెళ్ళి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవాలా, బీఈడీ చేసి డీఎస్సీకి కూర్చోవాలా అని ఇంట్లో రోజూ గొడవ.

"అయ్యగారూ, బంగారం బ్యాంకులో పెట్టడానికి మేం సిద్ధమే. మీరు ప్రార్థన చేసి దేవుని చిత్తం ఏదో చెప్పండి. ఏది చెబితే అది చేస్తాం" అంది.

నేను చెప్పలేదు. దానికి కారణం ఉంది, అది నాకు సిగ్గు కలిగించే కారణం.

కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒక తండ్రి తన కూతురి సంగతి అడిగాడు. నేను ప్రార్థన చేసి, యిర్మీయా 29వ అధ్యాయంలో మనందరికీ కంఠతా వచ్చిన ఆ పదకొండవ వచనం చదివి వినిపించాను. ఆయన దాన్ని దేవుడిచ్చిన జవాబుగా పట్టుకుని, ఉద్యోగం గ్యారంటీ అన్న ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టాడు. నాలుగు నెలల తరువాత వెళ్తే ఆ ఆఫీసుకు తాళం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ మూడో వరుసలోనే కూర్చుంటాడు. ఆయన ముందు ఆ అధ్యాయం మళ్ళీ తెరవడానికి నాకు చాలాకాలం పట్టింది.

తెరిచాక, అంతకుముందు నేను సరిగ్గా చదవలేదని తెలిసింది. అది బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, డెబ్బది ఏళ్ళు పడుతుంది అని చెప్పిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్ళలో అంతా తిరిగి వచ్చేస్తుందని దేవుని పేరట చెప్పాడు. జనానికి నచ్చిన మాట అదే, అబద్ధమూ అదే. ఆ రోజు ఆ తండ్రికి యిర్మీయా వచనం ఇచ్చాననుకున్నాను, ఇచ్చింది హనన్యా మాట.

అందుకే ఈ తల్లికి, "అమ్మా, ప్రార్థన చేద్దాం, కానీ ముందు ఒక తెల్లకాగితం తెచ్చుకోండి" అన్నాను. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా 14లో ప్రభువే చెప్పాడు. మనం ఆ కూర్చునే పని ఎగ్గొట్టి మోకాళ్ళ మీదికి వెళ్ళిపోతున్నాం. చీట్లు రాసి బైబిల్లో పెట్టి తీయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ సంగతి ఇంకోసారి.

మరుసటి రోజు అబ్బాయిని కూర్చోబెట్టి లెక్క రాశాం. మొదట డీఎస్సీ. మనకు దగ్గరలోనే అవనిగడ్డ ఉంది. టీచరు కోచింగ్‌కు పెట్టింది పేరు. శ్రీకాకుళం నుండి, అనంతపురం నుండి పిల్లలు వచ్చి అక్కడ అద్దె గదుల్లో ఉండి చదువుతారు. చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దాటితే చాలు కాబట్టి మనవాళ్ళకు అది చాలా తేలికగా కనబడుతుంది. కానీ 2018 డీఎస్సీ తరువాత ఏం జరిగిందో చూడండి. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది. చివరికి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే 3.3 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అంటే ఒక్కో పోస్టుకు ఇరవై మంది. ఆ పోస్టుల్లో 6,371 ఎస్జీటీ పోస్టులు. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ చెల్లదని, డీఎడ్ ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి అవి ఈ అబ్బాయికి లేనట్టే. పైగా బీఈడీకే రెండేళ్ళు. ఆ తరువాత నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు.

ఉద్యోగం వచ్చినవాళ్ళు ఉన్నారు, మన సంఘంలోనే ఉన్నారు, దేవునికి స్తోత్రం. పిల్లలకు పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టేవాడు ఆ దారిలో వెళ్ళవలసిందే. నేను అబ్బాయిని ఒక్కటే అడిగాను. "సండే స్కూల్లో ఎప్పుడైనా పాఠం చెప్పావా బాబూ?" లేదన్నాడు. చెప్పాలని ఎప్పుడైనా అనిపించిందా అంటే నవ్వాడు.

అమీర్‌పేట లెక్క వేరు. కోర్సు ఫీజు కంటే హాస్టలు ఖర్చు, నేర్చుకున్నాక ఉద్యోగం దొరికేదాకా కూర్చునే నెలలు ఎక్కువ తింటాయి. ఇక్కడ నా సలహా మొండిగా ఉంటుంది. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్‌లో, స్వయంలో ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. మూడు నెలలు ఇంటి దగ్గర ఉండి రోజుకు మూడు గంటలు చదువు. మూడు నెలలూ కూర్చోగలిగితే అప్పుడు మీ అమ్మ బంగారం సంగతి మాట్లాడదాం. కూర్చోలేకపోతే, తెలుసుకోవడానికి నీకు పైసా ఖర్చు కాలేదు.

కాగితం మీద ఇంకో గడి కూడా గీయించాను: ఎప్పుడు ఆపాలి? ఏ దారిలో వెళ్ళినా, ఫలానా నెలకు ఫలితం రాకపోతే ఆపేస్తానని ముందే తారీఖు వేసుకోమన్నాను. తల్లికి ఈ గడి నచ్చలేదు. ఇది అవిశ్వాసం కాదా అయ్యగారూ అంది. గడువు లేకుండా అప్పు చేయడాన్ని నేను విశ్వాసం అనలేను.

ఒక మాట నా గురించి. నేను బీకాం చదివాను. బందరులో కంప్యూటర్ కోర్సు చేశాను. రైసుమిల్లులో లెక్కలు రాశాను. ఇరవై ఏడేళ్ళకు అన్నీ వదిలి వేదాంత కళాశాలలో డిప్లొమాకు వెళ్ళాను. మా నాన్న ఏడాది నాతో మాట్లాడలేదు గానీ సంఘమంతా దాన్ని దేవుని పిలుపు అంది. అదే మన పిల్లవాడు చదివిన చదువు పక్కనపెట్టి వేరే పని నేర్చుకుంటానంటే, చదివిందంతా వృథా అంటున్నాం. ఆమోసు పశువులు కాసి మేడిపండ్లు చూసుకున్నవాడు. పౌలు గమలీయేలు పాదాల దగ్గర చదివి, కొరింథులో డేరాలు కుట్టుకున్నాడు. నేను మారితే పిలుపు, వాళ్ళు మారితే ఓటమా?

ఆదివారం ఆరాధన తరువాత తలుపు దగ్గర నిలబడి "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగేవారికి కూడా ఇది చెబుతున్నాను. మీరు ప్రేమతోనే అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఇద్దరు ముగ్గురు పిల్లలు గుడికి రావడం మానేశారు. ఉద్యోగం వచ్చినవాడి చేతే సాక్ష్యం చెప్పించడం మన అలవాటు. అందులో తప్పు నాదే ఎక్కువ, మైకు ఇచ్చేది నేనే.

కాగితం సగం నిండాక అబ్బాయి మెల్లగా మూడో దారి బయటపెట్టాడు. మన పొలాల్లో తడి ఆరకముందే చైను మిషన్లు దిగుతున్నాయి కదా. మిషన్ ఆగిపోతే మెకానిక్కు ఎక్కడి నుండో రావాలి, అతను వచ్చేదాకా చేను, రైతు, కూలీ అందరూ ఎదురుచూడాలి. ఈ కోతల్లో అలా ఆగిన మిషన్ దగ్గర ఇతను రెండు రాత్రులు మెకానిక్కుతో ఉన్నాడట. చెబుతుంటే అతని గొంతు మారింది. బీటెక్ గురించి మాట్లాడినంతసేపూ ఆ గొంతు లేదు. మన ఊళ్ళోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, యంత్రాల మీద శిక్షణ ఏమైనా ఉందేమో లోపలికి వెళ్ళి అడగమన్నాను. ఇన్నేళ్ళుగా ఆ గేటు ముందు నుండే కాలేజీ బస్సు ఎక్కాడు, లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను మినుపచేలో నడుం వంచి వాడిని బీటెక్ చదివించింది బురదలో మిషన్ కింద పడుకోవడానికా అయ్యగారూ? రేపు పిల్లనెవరిస్తారు?" అంది. ఆమె మాటకు నా దగ్గర వచనం లేదు. ఆ నడుం నొప్పి కోసం నేనే ఎన్నోసార్లు ప్రార్థన చేశాను. ఇప్పటికి మాత్రం బంగారం ఇంట్లోనే ఉంచండి అన్నాను.

అబ్బాయి ఈ కోతలు అయ్యేదాకా మెకానిక్కు వెంట తిరుగుతానన్నాడు. రాత్రిపూట ఫోనులో పాఠాలు కూడా మొదలుపెట్టాడు. జనవరి ఆఖరి గురువారం ఆ కాగితం పట్టుకుని ముగ్గురం మళ్ళీ కూర్చుంటాం. మొన్న ఆదివారం ఆ సహోదరి నాకు వందనం చెప్పకుండానే వెళ్ళిపోయింది.