పరీక్షకు పట్టే కాలం, ఫైలుకు పట్టే కాలం

భారీ రాకెట్ తయారీలో ఆలస్యం రెండు తీర్లుగా ఉంటుంది. పరీక్షలో బయటపడ్డ లోపాన్ని సరిదిద్దడానికి పట్టే కాలం ఒకటి. అనుమతి ఎవరివ్వాలో, ఎన్నాళ్లలో ఇవ్వాలో చట్టం చెప్పకపోవడం వల్ల పోయే కాలం ఇంకొకటి. మొదటిదాన్ని చూసి మనం విసుక్కుంటాం. రెండోదాని గురించి అడిగేవాళ్లే తక్కువ.

తొలుత జీఎస్‌ఎల్‌వీ మార్క్-3గా పిలిచిన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం-3కి కేంద్రం 2002లో అనుమతిచ్చింది. అది తొలిసారి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 2017 జూన్ 5న. పదిహేనేళ్లు ఎందుకు పట్టాయో తెలియాలంటే దాని నిర్మాణం చూడాలి. బరువు 640 టన్నులు, ఎత్తు 43.5 మీటర్లు. పక్కన రెండు ఎస్-200 ఘన ఇంధన మోటార్లు, ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఇంధనం. నడుమ ఎల్-110 ద్రవ ఇంధన దశ, పైన సీ-25 క్రయోజెనిక్ దశ. ఎస్-200ను 2010 జనవరి 24న శ్రీహరికోటలో నేలమీదే బిగించి మండించారు. అదే ఏడాది మార్చిలో మహేంద్రగిరిలో ఎల్-110ను 200 సెకన్లు మండించబోతే 150 సెకన్లకే ఆపాల్సి వచ్చింది. సరిచేసి సెప్టెంబరు 8న మళ్లీ మండించి 200 సెకన్లు పూర్తిచేశారు. ఆరు నెలలు పోయినమాట నిజమే. కానీ ఆ లోపం ఆకాశంలో కాకుండా నేలమీదే దొరికింది.

క్రయోజెనిక్ దశ కథ ఇంకా పొడుగు. అమెరికా ఒత్తిడితో 1993లో రష్యా సాంకేతికతను ఇవ్వనన్నది. సొంతంగా చేసుకున్న ఇంజిన్‌తో చిన్న జీఎస్‌ఎల్‌వీ 2010 ఏప్రిల్ 15న విఫలమైంది. 2013 ఆగస్టు 19న గంటకు పైగా సమయం మిగిలి ఉండగానే ఇంధనం కారుతోందని కౌంట్‌డౌన్ ఆపేశారు. 2014 జనవరి 5న గెలిచారు. ఎల్‌వీఎం-3కి అంతకంటే పెద్ద ఇంజిన్ కావాలి. అది సిద్ధమయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకుండా 2014 డిసెంబరు 18న పైదశను మండించకుండానే రాకెట్‌ను ఎగరేసి, కింది దశలను పరీక్షించారు. 2017 ఫిబ్రవరి 17న సీ-25 నేలమీద 640 సెకన్లు మండింది. ఆ తర్వాతే జూన్ ప్రయోగం. చంద్రయాన్-3ను మోసుకెళ్లింది కూడా ఈ వాహనమే. ఆ పదిహేనేళ్లను వృథా అనడం అన్యాయం.

ప్రయోగ అనుమతికీ ఒక వరుస ఉంది. మిషన్ రెడినెస్ రివ్యూ, దానిమీద లాంచ్ ఆథరైజేషన్ బోర్డు నిర్ణయం, విమానాలకు హెచ్చరిక, బంగాళాఖాతంలో పడవలను దూరంగా ఉంచడం. దారి తప్పిన రాకెట్‌ను పేల్చేసే అధికారం రేంజ్ సేఫ్టీ అధికారికి ఉంటుంది. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06ను అలాగే పేల్చేశారు. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల పక్కన బతికేవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది, మనుషులను దూరం పంపుతారు, అప్పుడే పేలుస్తారు.

ఇక ఫైళ్ల సంగతి. ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్‌ను కేంద్రం 2020 జూన్‌లో ప్రకటించింది. ఆ అనుమతితోనే హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. 2023లో అంతరిక్ష విధానం, 2024లో మార్గదర్శకాలు వచ్చాయి. చట్టం మాత్రం రాలేదు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017లోనే జనం ముందు పెట్టారు. అక్కడితో సరి. ఇన్-స్పేస్ ఉన్నది అంతరిక్ష శాఖ కిందనే, ఇస్రో ఉన్నదీ ఆ శాఖ కిందనే. రాకెట్ చేసేవారినీ, దాన్ని ప్రశ్నించేవారినీ ఒకే గొడుగు కింద ఉంచడం మంచిది కాదు.

అమెరికాలో స్పేస్‌ఎక్స్ స్టార్‌షిప్ 2023 ఏప్రిల్ 20న పేలిపోయి, ప్రయోగ వేదిక కూడా దెబ్బతింది. అక్కడి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 63 దిద్దుబాట్లను ప్రకటించింది. నీటిని చిమ్మే కొత్త ఏర్పాటు వల్ల వన్యప్రాణులకు హాని ఉంటుందా అని మరో సంస్థ పరిశీలించింది. నవంబరు 18న రెండో ప్రయోగం జరిగింది. కంపెనీ విసుక్కున్నది, కానీ ఏం దిద్దాలో జనానికి కూడా తెలిసింది. ఇక్కడ 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైతే ఆ వైఫల్యంపై విశ్లేషణ నివేదిక బయటికి రాకముందే, 2026 జనవరి 12న సీ62 కూడా మూడో దశలోనే దెబ్బతిన్నది.

ఇప్పుడు అంతకంటే పెద్ద పని ముందుంది. 30 టన్నులను భూమి సమీప కక్ష్యకు చేర్చే కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం రూ.8,240 కోట్లు మంజూరు చేసింది. గడువు ఎనిమిదేళ్లు, అందులో మూడు పరీక్షా ప్రయోగాలు. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో ఆమోదం దొరికింది. పరీక్షలకు ఎంతకాలం పట్టినా పట్టనివ్వాలి, గడువు పేరుతో ఒక్కటి కూడా తగ్గించకూడదు. అనుమతులకు మాత్రం చట్టం, స్వతంత్ర నియంత్రణ సంస్థ, నిర్ణయానికి గడువు, వైఫల్య నివేదికల ప్రచురణ కావాలి. ఆ బిల్లు ఎప్పుడొస్తుందో కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ ఎంపీలు లోక్‌సభలో అడగాలి.